రాతిలో నిలిచిన తాండవం

పిల్లలూ! మా రేగొండ వైపు పల్లెల్లో జాతర వచ్చిందంటే డప్పు మోగుతుంది, శివసత్తులు సిగమూగుతారు. అప్పుడు పలికేది మనిషి కాదనీ, ఒంటిమీదికి వచ్చిన దేవత అనీ పెద్దలు చెబుతారు. మీలో కొందరు అమ్మ కొంగుచాటు నుంచి చూచే ఉంటారు.

సముద్రానికి ఆవల, ఇండోనేషియాలో బాలి అనే ద్వీపం ఉంది. అక్కడివారు కంటికి కనబడే లోకాన్ని ‘సెకల’ అనీ, కనబడనిదాన్ని ‘నిస్కల’ అనీ అంటారు. ‘సాంగ్‌హ్యాంగ్ దెదారి’ అనే నృత్యంలో బాలికలు ఒళ్ళు మరచి ఆడుతారు. వారిమీదికి దేవకన్యలు దిగివస్తారనీ, దానితో ఊరికి పట్టిన కీడు పోతుందనీ నమ్మకం.

చిత్రమేమంటే, మన పేరిణి నృత్యాన్ని తిరిగి నిలబెట్టిన నటరాజ రామకృష్ణగారు 1923లో ఆ బాలిలోనే పుట్టారు!

పేరిణిని గురించి తెలియాలంటే పాలంపేట రామప్ప గుడికి వెళ్ళాలి. మా ఊరి నుంచి గణపురం మీదుగా పోవచ్చు. దారిలో కోటగుళ్ళు చూడటం మరువకండి. రామప్ప గుడిని కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు. శిఖరానికి వాడిన ఇటుకలు నీటిలో తేలుతాయని అందరూ వాటినే అడుగుతారు. మీరు మాత్రం గర్భగుడి ద్వారం దగ్గర కాసేపు నిలబడండి. అక్కడ రాతిలో నర్తకులు అడుగు వేస్తున్నారు, పక్కన మద్దెలవాళ్ళు వాయిస్తున్నారు.

యుద్ధానికి పోయే ముందు వీరులు శివుని ఎదుట పేరిణి ఆడేవారట. ఆడగా ఆడగా శివుడే తమలో ప్రవేశిస్తాడని వారి విశ్వాసం. 1323లో కాకతీయుల రాజ్యం కూలింది. ఆ తరువాత ఆటా మరుగున పడింది. ఈ శిల్పాలూ, గణపతిదేవుని గజసేనాని జాయప రాసిన ‘నృత్తరత్నావళి’ మాత్రం మిగిలాయి. ఆ రెండింటినీ పట్టుకుని రామకృష్ణగారు ఏళ్ళ తరబడి శ్రమించారు. 1985 శివరాత్రినాడు ఆ గుడి ముందే పేరిణి ఆడించారు.

ఒకసారి మా బడి పిల్లలను అక్కడికి తీసుకుపోయాను. ఏడో తరగతి కుర్రవాడొకడు, “సార్, రాయి కదలదు గదా! ఈ బొమ్మకూ ఆ బొమ్మకూ మధ్య కాలు ఎటు తిప్పారో ఆయనకెట్ల తెలిసింది?” అన్నాడు.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. తరువాత ఆలోచించి అన్నాను: “కొంత పుస్తకంలో ఉంది. మిగిలింది ఆయన ఊహించి, సాధన చేసి పూరించుకున్నారు. నేటి పేరిణిలో ప్రతి అడుగూ కాకతీయులనాటిదే అని నేను మీకు చెప్పను.”

వాడు తల ఊపి, ఆ శిల్పంలాగే కాలెత్తి నిలబడబోయి దభీమని పడ్డాడు. అందరూ నవ్వారు. బస్సు హారను మోగేదాకా వాడు మళ్ళీ మళ్ళీ లేచి నిలబడుతూనే ఉన్నాడు.