క్రొత్త తివాచి వాసన

గడచిన వేసవి సెలవులలో మేము చెల్లెలిని వెంటబెట్టుకొని, తాడేపల్లిగూడెమున మా పెద్దక్క కట్టించుకొనిన నూతన గృహమునకు పోయితిమి. బావగారు పడకగదిలో ఈ గోడ మొదలు ఆ గోడ వరకు యంత్రముపై చేసిన తివాచిని జిగురుతో అంటింపించిరి. ఎండ మిక్కుటమగుటచే కిటికీలు మూసి, ఏసీ నడిపి పరుండితిమి. "ఈ వాసన నాకు పడుటలేదు" అని చెల్లెలు రెండు మారులు చెప్పెను. "క్రొత్త వస్తువు వాసనయే యింత" అని మేము నవ్వితిమి.

నడిరేయి ఆ పిల్లకు దగ్గు పుట్టెను. ఆమెకు ఉబ్బసము కలదు. కన్నుల నీరు గారుచుండ, ఊపిరి యందక లేచి కూర్చుండెను. మందు పీల్పించి వరండాలోనికి గొనిపోయితిమి. ఆమె కుదుటపడు వరకు మాకు గడియ యొక యుగమై తోచెను. "తివాచియే కారణమని తేల్చి చెప్పజాలను గాని, ఆ గదిలో పరుండబెట్టకుడు" అని మరునాడు వైద్యుడు సెలవిచ్చెను.

పిమ్మట చదివి తెలిసికొంటిమి. ఇట్టి తివాచుల అడుగున పెక్కింటికి స్టైరీను, బ్యూటాడైయీనులతో చేసిన కృత్రిమ రబ్బరు పూత యుండును. అందు మిగిలిన 4-ఫినైల్‌సైక్లోహెక్సీను అను పదార్థము ఆవిరియై మనమెరిగిన ఆ వాసన నిచ్చును. జిగురు నుండియు ఆవిరులు వెలువడును. గాలి యాడు గదిలో నివి దినదినమునకు తగ్గును. మూసిన గదిలో నిలిచిపోవును. 1987-88లో వాషింగ్టను నగరమున అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ తన కార్యాలయముననే క్రొత్త తివాచులు పరపింపగా, ఉద్యోగులు పలువురు కన్నుల మంట, తలనొప్పి యని మొరపెట్టుకొనిరి.

మా ఏలూరును తివాచులకు పేరుగన్నదే. మొగలాయి కాలమున వచ్చిన పారసీకులు ఈ విద్యను తెచ్చిరని ప్రతీతి. నూలు పడుగుపై ఉన్ని ముడులు చేతితో వేయుటచే ఆ ముడులు నిలుచుటకు రబ్బరు పూత యక్కరలేదు. అయినను వానిలో దుమ్ము చేరును. అదియు ఉబ్బసమునకు శత్రువే. కావుననే మా నాయనమ్మ ఇంటి పాత తివాచిని తరచుగా ఎండలో వేసి దులిపించును. సంగతి విని ఆమె అక్కతో, "గాలి వచ్చే దారి మూసి మెత్తని పడక వేసుకొంటే ఏమి లాభమే అమ్మా?" అనెను.

చదువరులారా, క్రొత్త తివాచిని కొన్నిదినములు వరండాలో పరచి ఆరనిండు. పిదపనే గదిలో వేసి, కిటికీలు తెరచి యుంచుడు. అన్నిటికంటె ముందు, పడుటలేదన్న పిల్లల మాటను నవ్వి త్రోసివేయకుడు.

ఏలూరు చేరిన రాత్రి కొల్లేటి వైపు కిటికీ తెరచితిమి. దక్షిణపు గాలి వీచుచుండ, చెల్లెలి ఊపిరి నెమ్మదిగా సాగుట విని, మేమును నిద్రించితిమి.