రెండేసి, మూడేసి

పసిపిల్లలకు లెక్క నేర్పెడి తీరును గూర్చి వ్రాయుమని సంపాదకులు కోరగా, మంగళగిరి చేనేతవారి వీధులలోని యొక చిన్న ప్రాథమిక పాఠశాలకు పోయితిని. ప్రధానోపాధ్యాయులు గోడలమీది పటములను, క్రొత్త బల్లలను చూపబోయిరి గాని, రెండవ తరగతి గదిలో చాపపై కూర్చున్న ఉపాధ్యాయిని చేతులను చూచిన పిమ్మట నాకు మరియొక గదికి పోవ బుద్ధి పుట్టలేదు.

ఆమె యెదుట చింతగింజల కుప్ప యున్నది. మూడు వ్రేళ్లను జేర్చి మూడు గింజలను తనవైపునకు లాగి, వ్రేళ్లెత్తకయే పిల్లల నోళ్లవంక చూచును. పిల్లలు ‘ఒకటి, రెండు’ అని గుసగుసగా పలికి, ‘మూడు’ అని బిగ్గరగా నందురు. మరి మూడు గింజలు వచ్చును. నాలుగును అయిదును గుసగుసలు, ఆరు కేక. కొంతసేపటికి ఆమె కనుసైగ చేయగా గుసగుసలు పెదవుల కదలికలయ్యెను. అటుపిమ్మట పెదవులును నిలిచి, మూడు, ఆరు, తొమ్మిది, పన్నెండు అను సంఖ్యలు మాత్రమే గదిలో మిగిలెను. ఒక్కొక్కటిగా లెక్కించు బిడ్డ గుంపులుగా లెక్కించుట నేర్చెడి ఘడియ యిట్లు కన్నులయెదుట జరుగునని నేనెన్నడును తలపలేదు.

పన్నెండుకడ ఒక బాలిక ఆగిపోయెను. ప్రక్క బాలుడు జవాబందీయబోగా, ‘ఉండు నాన్నా, తననే చూసుకోనీ’ అని వారించి, ఉపాధ్యాయిని మరి మూడు గింజలను ఒక్కొక్క వ్రేలిక్రింద ఒక్కొక్కటిగా, మిక్కిలి మెల్లగా జార్చెను. బాలిక పెదవులాడించి పదిహేనును తానే పట్టుకొనెను. జవాబు తెలిసియు చెప్పక యోర్చుకొనుటకంటె కష్టమైన పని ఉపాధ్యాయవృత్తిలో వేరొకటి యున్నదని నేననుకొనను. పిదప ఆమె, ‘పద్దెనిమిది నుంచి వెనక్కి రండమ్మా’ అనెను. అదియు నయిన పిమ్మట, ‘ఇప్పుడు ఒకటి నుంచి మూడేసి పోండి’ అనెను. 1, 4, 7, 10 అని సాగెడి ఆ దారిలో కంఠపాఠ మక్కరకు రాదు; గింజలను మనస్సున చూడగలిగినవారే ముందుకు పోగలరు.

మనుమరాలిని గొనిపోవుటకై వాకిట నిలిచిన యొక వృద్ధ నేతగాడు ఇదియంతయు చూచి ప్రక్కవానితో, ‘మా పెద్ద మనవడు డబ్బులు కట్టే బడికి పోతున్నాడు. ఇరవయ్యో ఎక్కం దాకా గడగడా అప్పజెపుతాడు. ఏడు ఎనిమిదులెంతరా అంటే మాత్రం మళ్ళీ ఏడు ఒకట్ల నుంచి ఎత్తుకోవాల్సిందే’ అని వాపోయెను.

ఆ మాట నన్ను విడువలేదు. ఎక్కములు కంఠస్థము చేయుట తప్పని నేననను. అది మన వీధిబడుల గొప్ప ధనము. అయినను ఆ కాలపు పిల్లవానికి ఎక్కము చెవిని పడుటకు ముందే గుంపుల లెక్క చేతికి అబ్బియుండెడిది. నాలుగణాలు పావలా, ఎనిమిది అర్ధరూపాయి, పన్నెండు ముప్పావలా, పదునారు రూపాయి యని అంగడికి పోయిన ప్రతి బిడ్డయు నాలుగేసి నడచెడిది. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చి వ్యవహారము సులభమయ్యెను, సంతోషమే. కాని ఆ నాలుగుల యభ్యాసమునకు బదులుగా పాఠశాల యేమిచ్చెను? వామనగుంటలలో వరుసకు ఏడేసి గుంటలు, రెండు వరుసలు. గుంటకు అయిదేసి గింజలు వేసినచో పీట నిండునప్పటికి 70 గింజలు. ఆ పీటలు నేడు అటకలెక్కినవి. ఈ వృద్ధుని మగ్గమునే చూడుడు: నేతవారి లెక్కలో పుంజ మనగా 120 పోగులు, అచ్చులో సందుకు రెండేసి పోగుల చొప్పున అరువది సందులు నిండిన నొక పుంజము. రెండేసి లెక్కకు ఇంతకంటె మంచి పాఠము ఏ ముద్రిత పటములో నున్నది? ఆ పిల్లల యిండ్ల నడుమనే యున్న యీ విద్యను పాఠ్యపుస్తకము పలుకరింపకపోవుట నాకు మిక్కిలి ఖేదకరముగా తోచినది.

1939లో మద్రాసు అడయారునకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ నొసగిన మరియా మాంటిస్సోరీ పద్ధతిలో ఈ పనికే పూసల గొలుసులున్నవి. అయిదేసి పూసల కడ్డీలు అయిదింటిని కలిపిన గొలుసును నేలపై పరచి, ఒక్కొక్క కడ్డీ చివర 5, 10, 15 అని 25 వరకు చీటీలుంచుదురు. ఆ గొలుసులు కొనుటకు ఈ బడికి ధనము లేదు. చింతగింజలకు కొదవ లేదు.

ఉపాధ్యాయినికి కొదవయైనది వేరు. ‘పరీక్షలో అడిగేది ఎక్కాలేనండీ. గింజలు ముందేసుకుని కూర్చుంటే కాలం వృథా చేస్తున్నానంటారు’ అని ఆమె మెల్లగా చెప్పెను. పరీక్షింప వచ్చెడివారు ఏడవ ఎక్కమును అప్పజెప్పుమనుట మాని, గోడమీది క్యాలెండరు చూపక, ముప్పదియొక్క దినముల నెలలో 3వ తేది సోమవారమైనచో మిగిలిన సోమవారము లేవని అడిగి, బిడ్డ తనంతట తాను 10, 17, 24, 31 అని చేరుకొనువరకు ఆ చాపమీదనే కూర్చుండవలెను. ఆ పాటి వ్యవధినే ఆమె కోరుచున్నది.