హాజరుపట్టీలో పోయిన సంవత్సరం

ఈ కళాశాలలో ఇంటర్మీడియట్ చదివిన పూర్వ విద్యార్థులలో ఒకడిగా, ఇంజనీరింగు విద్యకు వెళ్ళదలచిన సోదర సోదరీమణుల కోసం ఏదైనా వ్రాయుమని సంపాదకవర్గంవారు కోరారు. యంత్రాల గురించి, వృత్తి గౌరవం గురించి వ్రాయగలవారు అనేకులున్నారు. నేను వ్రాయబోయేది ఒక చిన్న పుస్తకం గురించి. కళాశాలలో చేరిన రోజున రసీదుతోపాటు చేతికిస్తారు. మీద "అకడమిక్ రెగ్యులేషన్స్" అని ఉంటుంది. దానిని చదివినవానిని నేను నా విద్యార్థి దశలో ఒక్కనిని కూడా చూడలేదు. నేనూ చదవలేదు. అందుకు మూల్యంగా ఒక సంవత్సరం చెల్లించాను.

అది 1991వ సంవత్సరం. మా అబ్బాజాన్ ఓడరేవులో కలాసీ. ఆయనకు చదువు లేదు కాని ఒక కోరిక మాత్రం ఉండేది. అంతకు ముందటి సంవత్సరమే ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు "గోదావరి" వెలిగింది. తన కొడుకు ఆ ఫర్నేసు దగ్గర హెల్మెట్ ధరించి నిలబడాలని ఆయన కల. ఎంసెట్‌లో నాకు సీటు వచ్చిన రోజున వన్‌టౌన్ మసీదు వద్ద కనబడిన ప్రతివారికీ ఖర్జూరాలు పంచారు. రెండవ సంవత్సరంలో నాకు టైఫాయిడ్ వచ్చింది. వీధి చివర ఉన్న హకీంగారి మందు తిని ఇంట్లోనే పడుకున్నాను. కోలుకొని కళాశాలకు వెళ్ళేసరికి నోటీసుబోర్డు మీద ఒక జాబితా అంటించి ఉన్నది. హాజరు చాలనివారి పేర్లలో నా పేరున్నది. నాకున్నది 71 శాతం, ఉండవలసినది 75.

ఆ సాయంకాలం పని నుండి వచ్చిన అబ్బాజాన్‌తో "నన్ను డిటెయిన్ చేశారు" అన్నాను. ఆ మాట ఆయన 1975 నాటి అత్యవసర పరిస్థితి రోజులలో విన్నారు. దానికి ఆయన ఎరిగిన అర్థం ఒక్కటే. "ఖైదా? ఏం గునా చేశావురా?" అని గోడకు చేరగిలబడ్డారు. నేను ఏ నేరమూ చేయలేదని నమ్మించడానికి ఆ రాత్రంతా పట్టింది.

అసలు బాధాకరమైన సంగతి ఏడాది తరువాత తెలిసింది. అనారోగ్యం వల్ల హాజరు 65, 75 శాతాల మధ్య ఉన్నవారు వైద్యుని ధ్రువపత్రంతో, కొంత రుసుముతో, గడువులోగా దరఖాస్తు చేసుకుంటే మన్నించే పద్ధతి ఉన్నదట. దాని పేరు కండోనేషన్. ఆ నోటీసు కూడా అదే బోర్డు మీద పదిరోజులు ఉన్నది. ఆ పదిరోజులూ నేను మంచం మీద ఉన్నాను.

ఇప్పుడు నేను ఈ నగరంలోనే ఒక ఇంజనీరింగు కళాశాలలో ఉపాధ్యాయుడిని. కళాశాల పేరు ఇక్కడ అప్రస్తుతం. ఇన్నేళ్ళలో ఈ నిబంధనలు ఎన్నో మారాయి. హాజరు నియమం మాత్రం ఇంచుమించు ఆ విధంగానే ఉన్నది. ఉదాహరణకు కాకినాడ జె.ఎన్.టి.యు. 2016 నుండి చేరినవారికి అమలుచేసిన ఆర్-16 నిబంధనలు చూడండి. డిగ్రీకి 180 క్రెడిట్లు. ఒక్కొక్క పాఠ్యాంశంలో అంతర్గత పరీక్షలకు 30 మార్కులు, సెమిస్టరు చివరి పరీక్షకు 70. మొత్తం మీద 40 శాతం రావాలి, చివరి పరీక్షలో విడిగా 35 శాతం రావాలి. అంతర్గత పరీక్షలలో 16, చివరి పరీక్షలో 24 తెచ్చుకున్నవాడు నలభై వచ్చాయని సంతోషిస్తాడు. కాని 70లో 35 శాతం అంటే ఇరవై నాలుగున్నర గనుక ఆ అర మార్కుతో తప్పినట్లే. రెండవ సంవత్సరం నుండి మూడవ సంవత్సరానికి వెళ్ళడానికి అప్పటివరకు చదివిన క్రెడిట్లలో 40 శాతం సంపాదించి ఉండాలి.

ఈ రెండు నిబంధనల స్వభావం వేరని విద్యార్థులు గ్రహించరు. పరీక్ష తప్పినవానికి సప్లిమెంటరీ ఉన్నది. పాఠం తిరిగి చదివి బ్యాక్‌లాగ్ తీర్చుకోవచ్చును. గడచిపోయిన గంటకు సప్లిమెంటరీ లేదు. 65 శాతానికి దిగువన ఉన్నవానికి మన్నింపు కూడా లేదు. కాని మన ఇళ్ళలో "ఎన్ని మార్కులు?" అని అడిగే పెద్దలే గాని "హాజరు ఎంత?" అని అడిగేవారు లేరు. నేను కూడా అడగలేదు. ఇక్కడి నుండి వ్రాయడం నాకు కొంచెం కష్టం.

సలహాదారుగా నాకు ఇరవైమంది విద్యార్థులను అప్పగించారు. వారిలో 2018లో చేరిన ఒక అబ్బాయి ఉండేవాడు. తండ్రి లేడు. మొదటి సంవత్సరం పాఠ్యాంశాలన్నీ ఒక్కసారిగా గట్టెక్కాడు. నెలనెలా నా గదికి వచ్చి పుస్తకంలో సంతకం చేయించుకొనేవాడు. మార్కులు చూసి "బాగున్నది, ఇలాగే చదువు" అని వ్రాసేవాడిని. నా పాఠం మధ్యాహ్నం. అతడు ముందు బల్లలో కూర్చొనేవాడు, రాని రోజు లేదు. 2019 చివరిలో జాబితా వచ్చింది. అతని హాజరు 68 శాతం.

పిలిచి అడిగితే తెలిసినది ఇది. వేకువన మరపడవలు చేపలరేవుకు చేరతాయి. అతడు రాత్రి రెండు గంటల నుండి అక్కడ ఐసు బుట్టలు మోసి, ఎనిమిది దాటాక ఇంటికి పోయి స్నానం చేసి కళాశాలకు వచ్చేవాడు. ఒక్కరోజైనా మానలేదు. కాని హాజరును రోజులతో లెక్కించరు, పీరియడ్లతో లెక్కిస్తారు. రోజుకు ఏడు పీరియడ్లలో మొదటి రెండూ పోతే మిగిలేది 71 శాతమే. మరి కొన్ని సెలవులు కలిస్తే 68.

కండోనేషన్ గడువు ఇంకా మూడు రోజులున్నది. కాని ఆ మన్నింపు వైద్య కారణాలకే. ఆ అబ్బాయికి ఏ జబ్బూ లేదు. ధ్రువపత్రం సంపాదించడం అసాధ్యం కాదని అతనికీ తెలుసు, నాకూ తెలుసు. "సార్, జ్వరమని తెమ్మంటారా?" అని అడిగాడు. తెమ్మనడానికి నోరు రాలేదు, వద్దనడానికీ రాలేదు. చివరకు నిజమైన కారణమే వ్రాయించి, కమిటీ ముందుకు నేనే తీసుకొని వెళ్ళాను. వారు కఠినులు కారు. ఓపికగా విన్నారు. నిబంధనలో అనారోగ్యమనే మాట ఉన్నది గాని మరొక మాట లేదని చెప్పారు. ఆ మాట నిజమే. ఒళ్ళు వేడెక్కితే దయ చూపే నిబంధనకు, పొయ్యి చల్లారితే దయ చూపడం ఎవరూ నేర్పలేదు. నేను చేసినది సరియైనదేనా అని నేటికీ నిశ్చయించుకోలేకపోతున్నాను. అదే వారంలో జ్వరాల కాగితాలు తెచ్చిన మరి నలుగురు పైతరగతికి వెళ్ళారు.

బయటకు వచ్చాక అతడు ఒక్కటే అన్నాడు: "ఆగస్టులోనే తెలిసి ఉంటే సేట్‌గారిని అడిగి వారానికి మూడు రోజులే వెళ్ళేవాణ్ణి సార్." ఆగస్టులో అతని పుస్తకంలో నేను సంతకం చేశాను. హాజరు గడి ఖాళీగా ఉన్నది. ఆ పుస్తకం ఇప్పటికీ నా బీరువాలో ఉన్నది.

మరుసటి సంవత్సరం అతడు 2019లో చేరినవారితో కలిసి చదివాడు. వారికి ఆర్-19 నిబంధనలు. క్రెడిట్లు 160, పాఠ్యాంశాల వరుస వేరు. చదివినవాటిలో కొన్ని లెక్కకు వచ్చాయి, చదవనివి రెండు అదనంగా వ్రాయవలసివచ్చింది. తిరిగి చదివిన కాలానికి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదు. తల్లి గాజులు తాకట్టు పెట్టింది. విచిత్రమేమిటంటే ఆ ఏడు కరోనా మూలంగా తరగతులు ఫోనులోనే జరిగాయి. అతడు రేవుగట్టు మీద ఐసు పెట్టెపై కూర్చొని మొదటి పీరియడు విన్నాడు. హాజరు నిండుగా పడింది.

2023లో పట్టా పుచ్చుకొన్నాడు. అప్పటినుండి ప్రవేశాల కాలంలో ఒక శుక్రవారం జుమా నమాజు తరువాత, వన్‌టౌన్‌లో మాకు తెలిసినవారి వరండాలో, కొత్తగా చేరినవారినీ వారి పెద్దలనూ కూర్చోబెట్టి, ఆయా కళాశాలల నిబంధనల పుస్తకాలు తెరచి నేను తెలుగులో చెబుతాను, అతడు ఉర్దూలో చెబుతాడు. కిందటిసారి ఒక విద్యార్థిని తల్లి లేచి, "75 శాతమంటే ఎన్నిరోజులు మానవచ్చు బాబూ?" అని అడిగింది. తొంభై పనిదినాల సెమిస్టరులో 22 రోజులని చెప్పబోయాను. అతడు నా మాటకు అడ్డువచ్చి, "రోజులు కాదు ఖాలా, పీరియడ్లు లెక్కపెట్టండి" అని ఆమె చేతిలోని కాగితం తీసుకొని గడులు గీయసాగాడు.