గీత దాటిన కాలు



ఈసారి గోడ పత్రికకు 'దసరా సెలవుల్లో నేనేం చేశాను' అని రాయమన్నారు. పత్తి తీశాను. మా యాడితో, చెల్లితో కలిసి ఆరు రోజులు తీశాను. ఇంకేం రాయాలి? మనలో సగం మంది అదే రాస్తారు. మిగతా సగం మంది రాసింది నమ్మబుద్ధి కాదు. అందుకని నేను ఆటల సంగతి రాస్తానన్నా. తెలుగు సారు సరేనన్నారు. లోపల ఏం రాస్తానో మాత్రం ఆయనకు చెప్పలేదు.

మన క్రికెట్టు టీములో పోయినేడు కొత్త బంతి వేసిన అన్నలిద్దరూ పది పాసై వెళ్ళిపోయారు. జూన్‌లో బడి తెరిచిన వారంలోనే పీఈటీ సారు ప్రార్థన దగ్గర చెప్పారు. గుంటూరు పోటీలకు పద్నాలుగు మందిని తీసుకుపోతారట. అందులో ఫాస్ట్ బౌలర్లు నలుగురే. ఆగస్టు రెండో శనివారం ఎంపిక. ఆ సాయంత్రం గ్రౌండులో పదకొండు మంది నిలబడ్డారు, అందరూ ఫాస్ట్ బౌలర్లే! పొద్దున ఐదింటికి లేచి నాలుగు రౌండ్లు పరిగెత్తాలి అనేసరికి నాలుగు రోజుల్లో ఏడుగురు మిగిలారు. వారానికి ఆరుగురు.

ఆరుగురిలో ముగ్గురు గట్టివాళ్ళు, వాళ్ళకు చోటు ఖాయమని అందరికీ తెలుసు. మిగిలిన ఒక్క చోటుకు మేం ముగ్గురం. జూలై మొదట్లో ఒకడికి చీలమండ బెణికింది. ఇక ఇద్దరం. ఆ రెండోవాడు నా పక్క మంచం వాడు. పేరు రాయను, మీకందరికీ తెలుసు. ఈ గోడ పత్రిక మీద రంగు రంగుల అక్షరాలు మూడేళ్ళుగా ఎవరివో తెలియనివాళ్ళు ఈ హాస్టల్లో లేరు.

మేమిద్దరం ఆరో తరగతిలో ఒకే రోజు చేరాం. మాది బొల్లాపల్లి మండలంలో తండా, వాడిది ఎర్రగొండపాలెం అవతల చెంచు గూడెం. వాళ్ళ నాన్న నల్లమలలో తేనె, తపసి బంక తెస్తాడు. మా బాపు మిరపకోతలకు మనుషుల్ని ట్రాక్టరు ఎక్కించుకుని పల్లపు ఊళ్ళకు పోతాడు. మొదట్లో వాడి మాట నాకు, నా మాట వాడికి సరిగ్గా తెలిసేది కాదు. రాత్రిపూట వాడు నాకు అడివి కథలు చెప్తే నేను వాడికి లెక్కలు చెప్పేవాణ్ణి. ఇప్పుడు వాడికి లెక్కల్లో నాకంటే ఎక్కువ మార్కులు. సరే, అది వేరే సంగతి.

నా చెయ్యి చిన్నప్పుడు జొన్నచేలో వడిసెల తిప్పి పిట్టల్ని తోలేటప్పుడే గట్టిపడింది. వాడిదేమో చెట్టు మీది కాయను రాయితో కొట్టే చెయ్యి. ఇద్దరం టెన్నిస్ బంతితోనే నేర్చుకున్నాం. సారు ఇచ్చిన తోలు బంతి వేరే. టెన్నిస్ బంతి 60 గ్రాములు కూడా ఉండదు. ఇది 156 నుంచి 163 గ్రాముల దాకా ఉంటుంది. మధ్యన కుట్టు. ఆ కుట్టును నిలబెట్టి రెండు వేళ్ళూ దాని మీదుగా పెట్టి, వదిలేటప్పుడు మణికట్టు వంగకుండా వదలాలి. అప్పుడు కుట్టు నేలను తాకి బంతి అటో ఇటో తిరుగుతుంది. ఎటు తిరుగుతుందో వేసినవాడికే తెలియదు, ఇక ఆడేవాడికేం తెలుస్తుంది! వాడు ఇది మూడు రోజుల్లో పట్టేశాడు. నాకు పన్నెండు రోజులు పట్టింది.

సారు మ్యాటు మీద, స్టంపులకు ఆరేడు గజాల ముందు, చిరిగిన మిర్చి టిక్కీ గోతాం ముక్క ఒకటి పరిచేవారు. రోజూ ఒక్కొక్కరికి పన్నెండు బంతులు. గోతాం మీద పడితే ఒక మార్కు. గోతాం మీద పడి స్టంపుల పైకి పోతే రెండు. ఆ లెక్క పాత అటెండెన్సు రిజిస్టరు వెనక పేజీల్లో రాసేవారు. ఆ గోతాం దులిపినా దులిపినా ఘాటు పోలేదు. బంతి పడ్డప్పుడల్లా కీపింగు చేసేవాడు తుమ్మేవాడు. జూలై పదో తారీఖుకు వాడివి 204 మార్కులు, నావి 197. రాత్రి దుప్పటి కప్పుకున్నాక కూడా ఆ ఏడు మార్కులే నా కళ్ళ ముందు తిరిగేవి.

మా ఇద్దరికీ సిరాజ్ అంటే ఇష్టం. హైదరాబాదులో వాళ్ళ నాన్న ఆటో నడిపేవాడు. సిరాజ్ కూడా గల్లీల్లో టెన్నిస్ బంతితో వేసి వచ్చినవాడే. 2016-17 రంజీల్లో 41 వికెట్లు తీశాడు. 2020 నవంబరులో ఆస్ట్రేలియాలో ఉండగా నాన్న చనిపోయాడు. తిరిగి రాకుండా టీముతోనే ఉండిపోయి, 2021 జనవరిలో బ్రిస్బేన్‌లో ఒక ఇన్నింగ్సులో 5 వికెట్లు తీశాడు. మన గుంటూరు అబ్బాయి షేక్ రషీద్ 2022 అండర్-19 ప్రపంచ కప్పులో వైస్ కెప్టెను, సెమీ ఫైనల్లో ఆస్ట్రేలియా మీద 94 కొట్టాడు. కాని ఆయన బ్యాటింగు. బౌలర్లకు బౌలరే దేవుడు.

ఒకరోజు వాన. గ్రౌండంతా నల్లరేగడి, కాలు పెడితే చెప్పు ఊడి వచ్చేట్టు ఉంది. సారు మమ్మల్ని వరండాలో కూర్చోబెట్టి బేస్‌బాల్ కథ చెప్పారు. అమెరికాలో ఆ ఆట సీజను మొదలయ్యే ముందు ఫిబ్రవరి, మార్చిల్లో టీములన్నీ ఫ్లోరిడాకు, అరిజోనాకు పోతాయట. పెద్ద టీములో 26 మందికే చోటు. బంతి విసిరే కుర్రవాళ్ళు ఎంతోమంది వస్తారు. ఎవరు ఉంటారో, ఎవరు చిన్న టీములకు పోతారో అక్కడే తేలుతుంది. బంతి విసిరే చోటు నుంచి కొట్టేవాడి దాకా 60 అడుగుల 6 అంగుళాలు, మన పిచ్చు 66 అడుగులు. అక్కడ మోచెయ్యి వంచి విసరొచ్చు. మనకు అట్టా విసిరితే నోబాలే.

తర్వాత అసలు కథ చెప్పారు. 2008లో మన దేశంలో 'మిలియన్ డాలర్ ఆర్మ్' అని ఒక పోటీ పెట్టారు. బేస్‌బాల్ ఎప్పుడూ చూడని ఇద్దరు ఉత్తరప్రదేశ్ కుర్రవాళ్ళు, రింకూ సింగ్, దినేశ్ పటేల్, అందులో నెగ్గారు. ఇద్దరూ బల్లెం విసిరేవాళ్ళే. రింకూ గంటకు 87 మైళ్ళ వేగంతో, అంటే 140 కిలోమీటర్ల వేగంతో విసిరాడట. ఇద్దరినీ అమెరికా తీసుకుపోయి నేర్పిస్తే అదే ఏడు పిట్స్‌బర్గ్ పైరేట్స్ టీము వాళ్ళు ఒప్పందం చేసుకున్నారు. 2009లో ఇద్దరూ ఫ్లోరిడాలో చిన్న లీగులో ఆడారు. 2010 చివర్లో దినేశ్‌ను వదిలేశారు, అతను ఇంటికి వచ్చేశాడు. రింకూ ఇంకా కొన్నేళ్ళు ఆ ఆటలోనే ఉండి, 2018లో కుస్తీ షోలలో చేరాడు. 2014లో వాళ్ళ మీద సినిమా కూడా తీశారు.

ఆ రాత్రి వాడు నిద్రపోలేదు. "తిరిగొచ్చినోడికి ఎట్టా ఉంటదిరా?" అని అడిగాడు. "ఒక్కడన్నా నిలబడ్డాడు గదా" అన్నా నేను. కాసేపాగి, "140 అంటే ఎంతుంటదిరా!" అన్నాడు.

తెల్లారి నుంచి వాడు రనప్పు రెండు అడుగులు వెనక్కి జరిపాడు. వేగం నిజంగానే పెరిగింది. బంతి గోతాం మీద పడి రయ్యిమని లేచేది. కీపింగు వాడు మూడడుగులు వెనక్కి పోయి నిలబడ్డాడు. సారు కళ్ళు మెరిశాయి. సారు నిలబడేది బ్యాటింగు వైపు, గోతాం దగ్గర. నేను నా వంతు కోసం ఇవతల, బౌలింగు వైపు స్టంపుల దగ్గర నిలబడేవాణ్ణి. బురదకు బూట్లు బరువెక్కుతాయని వాడు వట్టి కాళ్ళతో వేసేవాడు.

మ్యాటు మీద ముద్ర కనిపించింది. బురద ముద్ర, బొటనవేలి నుంచి మడమ దాకా మొత్తం గీతకు అవతల. ముందు కాలు పడేటప్పుడు మడమన్నా గీతకు ఇవతల ఉండాలి, గాల్లో ఉన్నా పరవాలేదు. వాడి కాలు అసలు ఇవతల లేదు. పోయినేడు సారు వేసిన తెల్లరంగు గీత సగం చెరిగిపోయింది గాని, దగ్గరున్నవాడికి బాగానే కనపడుతుంది. దగ్గరున్నది నేనే.

చెప్పొచ్చు. "ఒరేయ్, కాలు చూసుకో" అంటే మూడు మాటలు. నోటిదాకా వచ్చింది. అప్పుడే సారు అటు నుంచి "రెండు మార్కులు!" అని అరిచారు. నేను వంగి బంతి తీసుకున్నట్టే తీసుకుని, నా కాలితో ఆ ముద్రను తుడిచేశా.

రేపు చెప్దామనుకున్నా. రేపు ఆదివారమైంది. సోమవారం వాడికి కొంచెం జ్వరం, ఇప్పుడెందుకులే అనుకున్నా. మంగళవారం ఏ సాకూ లేదు. అయినా చెప్పలేదు. ఇంచుమించు ఇరవై రోజులు. రోజూ చూశాను. కొన్ని రోజులు తుడిచాను, కొన్ని రోజులు వాన తుడిచింది.

ఎంపిక రోజు పక్క బడి సారు ఒకాయన అంపైరుగా వచ్చారు. మన పీఈటీ సారు కొత్తగా సున్నం గీత కొట్టించారు. ఒక్కొక్కరికి మూడు ఓవర్లు. వాడి మొదటి బంతికి స్టంపు ఎగిరింది. హాస్టలంతా కేకలు. అంపైరు చెయ్యి పక్కకు చాచి ఉంది. నోబాలు. తర్వాతది ఫ్రీ హిట్టు, ఫోరు పోయింది. మళ్ళీ నోబాలు. మూడోసారికి వాడు తన కాలి కేసి చూసుకున్నాడు, తర్వాత అంపైరు కేసి, తర్వాత ఎందుకో నా కేసి. ఇక అడుగులు తగ్గించి వేశాడు. వేగం పోయింది, గోతాం చోటూ పోయింది. మొత్తం అయిదు నోబాళ్ళు.

నేను మామూలుగా వేశా. గొప్పగా ఏం వెయ్యలేదు. సాయంత్రం నోటీసు బోర్డు మీద నాలుగో పేరు నాది.

రాత్రి వాడు వచ్చి తన కాన్వాసు బూట్లు నా మంచం కింద పెట్టాడు. "నీ బూటు అడుగు నోరు తెరిచింది గదరా, ఇయ్యి ఏసుకుపో" అన్నాడు. కాసేపటికి దీపాలు ఆరిపోయాక అడిగాడు: "ఒరేయ్, నా కాలు ముందు నుంచీ అట్టానే పడతా ఉందా?"

"నేను చూళ్ళేదురా" అన్నా.

గుంటూరు సంగతి పెద్దగా రాయడానికేం లేదు. సెప్టెంబరులో పోయాం. మొదటి ఆటలోనే ఓడాం. నేను 3 ఓవర్లు వేసి 19 పరుగులిచ్చా, వికెట్టు లేదు. ఒక క్యాచ్ వదిలేశారు, అది మాత్రం నా తప్పు కాదు. బస్సులో వచ్చేటప్పుడు ఒళ్ళో ఆ బూట్లే పెట్టుకు కూర్చున్నా. వాడు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. ఎన్ని వికెట్లని అడగలేదు. "గుంటూరు పెద్దదేనా?" అని అడిగాడు.

దసరాకు పత్తిచేలో మా యాడికి ఇదంతా చెప్పా. యాడి చేతిలో పత్తి ఒడిలో వేసుకుంటా, తలెత్తకుండా, "ఆ పిల్లోడు మనింట్లో రెండు పండగలు తిన్నాడు" అన్నది. అంతే, ఇంకేం అనలేదు. సాయంత్రం దాకా ఇద్దరం మాట్లాడుకోలేదు.

మిత్రులారా, రాసింది నేనే అయినా గోడ మీద మీరు చదివే అక్షరాలు వాడివి. ఈ కాగితం బుధవారం రాత్రి వాడికి ఇవ్వాలి, స్కెచ్చు పెన్నులు వాడి పెట్టెలోనే ఉంటాయి. తెలుగు సారు కంటే ముందు చదివేది వాడే. ఈ పేజీ ఇష్టం లేకపోతే వదిలేసి, ఖాళీలో బొమ్మ వేసుకోమని చెప్తా. వాడు నెమలిని బాగా వేస్తాడు.

సంక్రాంతి తర్వాత మళ్ళీ ఎంపిక ఉంటుందని పీఈటీ సారు చెప్పారు. వంట మాస్టరు దగ్గర పాత డబ్బాలో సున్నం అడిగి తెచ్చి నా మంచం కింద పెట్టా. పొద్దున ఐదున్నరకు నేను బౌలింగు వైపు స్టంపుల దగ్గర నిలబడి ఉంటా, వాడు వస్తే.

— తొమ్మిదో తరగతి, రెండో డార్మెటరీ