కారు బిల్లు, ఆసుపత్రి బిల్లు

ఢిల్లీలో మాదో చిన్న బృందం. కంపెనీలు తయారీ మానేసిన కార్లంటే ప్రాణం పెట్టేవాళ్లం పాతికమందిమి. పేరు లేదు, రిజిస్ట్రేషన్ లేదు. నెలకో ఆదివారం తెల్లవారకముందే బయలుదేరి, 44వ నంబరు జాతీయ రహదారి మీదుగా మూర్థల్ దాబాలకు చేరి, వెన్నపూసతో పరాఠాలు తిని, ఎండ ముదరకముందే ఇళ్లకు తిరిగివస్తాం. ఒకరిది జిప్సీ, ఒకరిది పోలో, మరొకరిది ఫియస్టా. నాది మారుతి 800. 1983 డిసెంబరులో ఇందిరా గాంధీ చేతుల మీదుగా తొలి కొనుగోలుదారుకు తాళాలు అందినప్పటి నుంచి 2014 జనవరిలో ఉత్పత్తి ఆగేదాకా, ఈ దేశపు మధ్యతరగతి తన ఎదుగుదలను కొలుచుకున్న బండి అది.

ఆ బల్లల దగ్గర ఒకప్పుడు ఇంజిన్ ఆయిలు, టైమింగ్ బెల్టు, కరోల్‌బాగ్‌లో దొరికే విడిభాగాలు తప్ప మరో ప్రస్తావన ఉండేది కాదు. కోవిడ్ రెండో ఉద్ధృతి తరువాత మాటల దారి మారింది. కార్ల కబుర్లు పావుగంటలో ముగుస్తాయి. తరువాత ఎవరో ఒకరు ఆసుపత్రి ఊసెత్తుతారు. రెండో కప్పు టీ వచ్చేసరికి అందరి దగ్గరా చెప్పుకోవలసిన కథ ఒకటి ఉంటుంది.

పదిహేనేళ్లుగా కన్నబిడ్డలా చూసుకున్న జిప్సీని అమ్మేసిన మిత్రుడున్నాడు. భార్యకు రొమ్ము క్యాన్సర్. బీమా ఉంది, కానీ ఏడాది పరిమితి మూడో కీమోకే అయిపోయింది. కారు కొన్నవాడు తాళం తీసుకుంటూ, బండి ఇంత బాగా ఉంది, ఎందుకు అమ్ముతున్నారని అడిగాడట. జవాబు చెప్పలేక నవ్వి ఊరుకున్నానన్నాడు. ఆమె ఇప్పుడు కోలుకుంది. ఆదివారాల్లో అతను మా వెనుక సీట్లో కూర్చుని వస్తాడు.

గుంటూరు నుంచి నలభై ఏళ్ల క్రితం ఉద్యోగరీత్యా ఇక్కడికి వచ్చి స్థిరపడిన పెద్దాయన ఒకరున్నారు. నేను బాబాయ్ గారూ అంటాను. ప్రైవేటు సంస్థలో పనిచేసి రిటైరయ్యారు. మోకాలి శస్త్రచికిత్సకు బీమా సంస్థ దాదాపు సగమే చెల్లించింది. కారణం గది. ఐదు లక్షల పాలసీ, గది అద్దె పరిమితి అందులో ఒక శాతం, అంటే రోజుకు ఐదు వేలు. ఆసుపత్రివారు ఇచ్చింది పది వేల గది. తేడా ఐదు వేలు రోజుకు కట్టుకుంటే సరిపోతుందనుకున్నారు. కానీ గది అద్దె పరిమితి దాటితే అదే నిష్పత్తిలో వైద్యుల రుసుము, ఆపరేషన్ థియేటర్ ఛార్జీల వంటి అనుబంధ ఖర్చుల్లో కూడా కోత పడుతుంది. "అబ్బాయ్, కారు ఇన్సూరెన్సులో జీరో డెప్ అంటే ఏమిటో ఇరవైమందికి నేర్పాను. నా మోకాలి పాలసీలో ఉన్న ఈ లెక్క నాకెవరూ నేర్పలేదు" అన్నారు.

మా బళ్లు బాగుచేసే బీహారీ మెకానిక్ కథ ఇంకొక తీరు. అతనికి ఊళ్లో ఆయుష్మాన్ భారత్ కార్డు ఉంది. 2018 సెప్టెంబరులో మొదలైన ఆ పథకంలో ఢిల్లీ చేరింది 2025 ఏప్రిల్‌లో. కేంద్రంలో ఒక పార్టీ, రాష్ట్రంలో మరో పార్టీ పట్టుదలకు పోయిన ఆరున్నరేళ్ల మధ్యలోనే అతని తండ్రికి గుండెపోటు వచ్చింది. అప్పు ఇప్పటికీ తీరలేదు.

ఈ కథలు వింటున్నప్పుడు నన్ను పట్టి కుదిపేది ఒక్కటే. వీరెవరూ అమాయకులు కారు. బ్రేక్ ప్యాడ్ల ధరలో రెండు వందల తేడా వస్తే షోరూము మేనేజరును నిలదీసేవారు. గ్యారేజీకి వెళితే ముందు ఎస్టిమేట్ అడుగుతారు. నచ్చకపోతే మరో మెకానిక్‌కు చూపిస్తారు. మార్చిన పాత భాగాన్ని చూపించమంటారు. ప్రమాదం జరిగి నష్టం పెద్దదైతే లైసెన్సు ఉన్న సర్వేయరు వచ్చి లెక్కగడతాడు. థర్డ్ పార్టీ ప్రీమియం ఎంతో ప్రభుత్వమే నోటిఫై చేస్తుంది. ఇనుప డబ్బా విషయంలో పౌరుడికి ఇన్ని రక్షణలున్నాయి. అదే మనిషి స్ట్రెచర్ పక్కన నిలబడి, చదవకుండా పది కాగితాల మీద సంతకం చేస్తాడు. ఎందుకంటే కారును మరో గ్యారేజీకి తీసుకుపోవచ్చు, ఊపిరందని తల్లిని తీసుకుపోలేడు. ఆర్థిక శాస్త్రజ్ఞులు మార్కెట్ అని పిలిచేది అత్యవసర విభాగం గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. అందుకే అక్కడ రాజ్యం ఉండాలి.

రాజ్యం తలచుకుంటే చేయగలదనడానికి రుజువులు లేకపోలేదు. 2017 ఫిబ్రవరిలో జాతీయ ఔషధ ధరల ప్రాధికార సంస్థ గుండె స్టెంట్లకు గరిష్ఠ ధర నిర్ణయించింది. లక్ష దాటి పలికిన మందుపూత స్టెంటు ముప్పై వేల లోపుకు దిగింది. అదే ఏడాది ఆగస్టులో మోకాలి చిప్పలకూ ధర కట్టారు. మరుసటి ఏడాది అదే సంస్థ రాజధాని ప్రాంతంలోని నాలుగు ప్రైవేటు ఆసుపత్రుల బిల్లులు పరిశీలిస్తే, కొన్ని వస్తువులపై లాభం 1700 శాతం దాటినట్టు తేలింది. ఆ నివేదిక రెండు రోజులు పతాక శీర్షికలకెక్కి, మూడో రోజు కనుమరుగైంది.

ఆసుపత్రులు రేట్లు ప్రదర్శించాలనీ, ప్రభుత్వం నిర్ణయించిన పరిధిలోనే వసూలు చేయాలనీ 2012లో వచ్చిన క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ నిబంధనల్లోనే ఉంది. పన్నెండేళ్లు గడిచినా ఆ పరిధి ఏదని 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కేంద్రాన్ని నిలదీయవలసి వచ్చింది. ఆరోగ్యం రాష్ట్రాల అంశమని కేంద్రం, చట్టం కేంద్రానిదని రాష్ట్రాలు అంటుంటాయి. ఈ బంతులాట నాలాంటి విలేకరులకు చిరపరిచితం.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదనడం అన్యాయం. జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం వైద్య ఖర్చులో ప్రజలు నేరుగా జేబులోంచి పెట్టే వాటా 2013-14లో 64.2 శాతం, 2021-22 నాటికి 39.4 శాతం. తగ్గుదల నిజమే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, తెల్లరేషన్ కార్డున్న కుటుంబాన్ని కార్పొరేట్ ఆసుపత్రి గుమ్మం ఎక్కించి దేశానికి దారి చూపింది. అయితే ఆ పథకాల గీతకు కాస్త పైన, ప్రభుత్వోద్యోగుల సౌకర్యాలకు చాలా కింద ఒక జనసమూహం మిగిలిపోయింది. నీతి ఆయోగ్ 2021 నివేదిక వారిని తప్పిపోయిన మధ్యవర్గంగా పేర్కొంది. జనాభాలో కనీసం 30 శాతం, అంటే 40 కోట్లమంది. ఒక్క జబ్బు చాలు, వారిని గీత కిందికి లాగడానికి. అప్పుడు కూడా కార్డు రాదు, ఎందుకంటే ఇంటి ముందు కారుంటుంది.

ఇక రాజకీయం సంగతి. 2025 సెప్టెంబరు 22న రెండు పన్నులు ఒకేసారి తగ్గాయి. చిన్న కార్లపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియంపై ఉన్న 18 శాతం పూర్తిగా పోయింది. మా బల్ల దగ్గర రెండింటికీ మిఠాయి పంచారు. రెండోది ఊరకే రాలేదు. 2024 జులైలో కేంద్రమంత్రి నితిన్ గడ్కరీయే ఆ పన్ను తీసేయమని ఆర్థికమంత్రికి లేఖ రాశారు. మరుసటి నెలలో ప్రతిపక్ష ఎంపీలు పార్లమెంటు మకర ద్వారం ముందు ప్లకార్డులు పట్టుకున్నారు. ప్రీమియం రసీదులో పన్ను ఒక ప్రత్యేకమైన గీత మీద అచ్చయి ఉంటుంది. అంకె కనిపించింది కనుక కోపానికి ఒక చిరునామా దొరికింది. చిరునామా ఉన్న కోపం పార్లమెంటు దాకా నడిచింది.

ఆసుపత్రి ధరకు అలాంటి చిరునామా లేదు. ఒకే శస్త్రచికిత్సకు ఒకే వీధిలో రెండు ఆసుపత్రులు ఎంత తీసుకుంటాయో పోల్చి చెప్పే కాగితం పౌరుడి చేతిలో లేదు. ధర తెలియని బాధను మనం తలరాత ఖాతాలో వేసుకుంటాం. స్నేహితుల దగ్గర చెప్పుకుంటాం, ఓటు వేసేటప్పుడు మరచిపోతాం. పెట్రోలు రూపాయి పెరిగితే ముఖ్యమంత్రిని తిట్టే మా మిత్రులు, పదకొండు లక్షల బిల్లుకు గ్రహచారాన్ని తిట్టడం నేను స్వయంగా విన్నాను. పార్టీలకు కావలసిందీ అదే. ప్రీమియంపై పన్ను తీసేస్తే ఖజానాకు కొంత లోటు, ధరలు నియంత్రించాలంటే పెద్దలతో తగవు. ఏది సులభమో వారికి తెలుసు. కానీ ధర పెరుగుతూ పోతే ప్రీమియమూ దాని వెంటే పెరుగుతుంది. వృద్ధులకు ఏడాదికి పది శాతం మించి పెంచాలంటే ముందుగా తమను సంప్రదించాలని బీమా నియంత్రణ సంస్థ 2025 జనవరిలో చెప్పవలసి వచ్చిందంటే, పన్ను మినహాయింపు ఎన్నాళ్లు ఊరటనిస్తుందో ఊహించుకోవచ్చు.

2017 జాతీయ ఆరోగ్య విధానం 2025 నాటికి స్థూల దేశీయోత్పత్తిలో 2.5 శాతం ప్రజారోగ్యానికి వెచ్చిస్తామని రాసుకుంది. 2021-22 లెక్కల్లో అది 1.84 శాతం. గడువు దాటిన ఈ వాగ్దానం గురించి ఏ అభ్యర్థినీ ఎవరూ అడగరు. ఈసారి ఓట్లకు మీ వీధికి వచ్చినవారిని రోడ్డు గుంతల గురించి తప్పక అడగండి. దాంతోపాటు, మీ నియోజకవర్గంలోని ఆసుపత్రుల్లో అపెండిసైటిస్ ఆపరేషన్ ధర ఎంతో గోడ మీద రాయించగలరా అని కూడా అడగండి. మా బాబాయ్ గారు ఆ ప్రశ్నను ఇప్పటికే ఒక కార్పొరేటరును అడిగారు. ఆయన దగ్గర జవాబు లేదు, కానీ ప్రశ్నను డైరీలో రాసుకున్నారట.