పందికూర, పటికబెల్లం, ఒక పాత అబద్ధం

శనివారం మా తిరుపతి ఇళ్ళల్లో నీచు వండరు. కాబట్టి ఇది ఆదివారం సంగతి.

పొద్దున్నే వెళ్ళి కేజీ పందిమాంసం తెచ్చాను. మటన్ ధరలో సగం కూడా లేదు. అమ్మ సంచీ చూసి ఒకటే మాటంది: "నా గిన్నెలు ముట్టుకోవద్దు, నా పొయ్యి ముట్టుకోవద్దు." ఇంకేం చేస్తాం, మిద్దెపైకి పాత గ్యాస్ స్టవ్వు మోసుకెళ్ళి, ఇందుకోసమే కొన్న మందపాటి గిన్నె ఒకటి దానిమీద పెట్టాను. అక్కణ్ణించి చూస్తే ఎదురుగా కొండ. (అలిపిరి దాటితే మాంసం మాటే లేదు. అది కొండ నియమం, దాంతో నాకేం పేచీ లేదు. నేనుండేది కొండకింద.)

ఈ వంట నేను నేర్చుకుంది 2007లో, కాలిఫోర్నియాలో. మా టీములో ఒక చైనా అతను లంచ్ డబ్బాలో తెచ్చేవాడు. హోంగ్ షావ్ రౌ అంటారట, ఎర్రగా ఉడికించిన మాంసం అని. పద్ధతి చాలా సులువు. తోలూ, కొవ్వూ ఉన్న పొట్టభాగం కావాలి (చౌకగా దొరికేదీ అదే). పెద్ద ముక్కలు కోసి, మరిగే నీళ్ళలో ఐదు నిమిషాలుంచి, ఆ నీళ్ళు పారబోయాలి. గిన్నెలో చెంచాడు నూనె వేసి, పటికబెల్లం కరిగించి, తేనెరంగు రాగానే ముక్కలేసి తిప్పాలి. అల్లం, ఉల్లికాడలు, రెండు అనాసపువ్వులు, దాల్చినచెక్క, నాలుగు చెంచాల సోయా సాసు, ముక్కలు మునిగేటన్ని నీళ్ళు. వాళ్ళు బియ్యపు సారాయి కూడా పోస్తారు, నేను పొయ్యను. మూతపెట్టి అతి సన్నటి సెగమీద రెండు గంటలు. చివర్లో మూత తీసి, పులుసు ముక్కలకి పట్టేదాకా ఇగరబెట్టడం. అంతే.

కుక్కర్లో పెట్టేస్తే పోదా అంటారా? ఉడుకుతుంది, కాదన్ను. కానీ తోలులో, కండల మధ్యలో ఉండే గట్టి పీచు మెల్లగా కరిగి జిగురుగా మారాలి. అలా మారడానికి ముఖ్యంగా కావలసింది టైము. తొందరపడి మంట పెంచితే నీరింకిపోతుంది, ముక్క బిరుసెక్కుతుంది. బిల్డు పెట్టి టీకి వెళ్ళినట్టు, దీన్ని కూడా పెట్టేసి పక్కకెళ్ళిపోవాలి :)

ఇంకో తమాషా ఏంటంటే, సోయా సాసు తప్ప ఇందులో అమ్మ మసాలా డబ్బాలోనో, వీధి చివరి కిరాణా కొట్లోనో లేనిదేదీ లేదు. మనం బిరియానీలో వేసే అనాసపువ్వు పుట్టిల్లే దక్షిణ చైనా, వియత్నాం వైపు. దాల్చిని అన్న పేరు పర్షియన్ వాళ్ళ దార్‌చీనీ నుంచి వచ్చింది, అంటే చైనా చెక్క. వాళ్ళు ఎండిన కమలా తొక్క వేస్తారు. నేను ఎండబెట్టిన చీనీకాయ తొక్క వేస్తాను. మన రాయలసీమలో బత్తాయిని చీనీ అంటాం కదా, ఆ పేరులోనే చైనా ఉంది! ఇన్ని చైనా వస్తువులు ఏ అభ్యంతరమూ లేకుండా మన వంటింట్లోకి వచ్చేశాయి. పంది మాత్రం మిద్దెమీదే ఆగిపోయింది.

ఎందుకు? "మురికి తింటుంది" అంటారు. నాటుకోడి పెంటకుప్పలో ఏం ఏరుకుంటుందో మనకి తెలీదా? "పురుగు మెదడుకెక్కుతుంది" అంటారు. ఇది కొంత నిజం, కానీ సగమే తెలిసిన నిజం. ఊరిమీద తిరిగే పంది మాంసంలో బద్దెపురుగు పిల్లలుండొచ్చు. బాగా ఉడికిస్తే చచ్చిపోతాయి. మెదడుకి చేరేది మాత్రం ఆ పురుగు గుడ్లవల్ల. అవి వచ్చేది మనిషి మలం కలిసిన నీళ్ళ నుంచి, కడగని చేతుల నుంచి, కడగని పచ్చి కూరగాయల నుంచి. పంది ముఖం చూడని శాకాహారికి కూడా వస్తుంది. దానికి మందు మరుగుదొడ్లూ, సబ్బూను. ఇక శుభ్రంగా పెంచడం అంటారా, మా ఊళ్ళోనే శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంలో పందుల పరిశోధనా కేంద్రం ఉంది. లార్జ్ వైట్ యార్క్‌షైర్ 75 పాళ్ళు, నాటుపంది 25 పాళ్ళు కలిపి టి-17 అనే రకాన్ని తయారుచేసింది వాళ్ళే.

కాబట్టి అసహ్యం పంది మీద కాదు, పందిని పెంచేవాళ్ళ మీద. ఈ మాట ఎవరినో అనడం లేదు, నా గురించే చెప్తున్నాను.

తొమ్మిదో తరగతిలో నాకొక దోస్తు ఉండేవాడు. ఎరుకలవాళ్ళు. ఇంటి వెనక పందులుండేవి. ఒక సాయంత్రం వాళ్ళింట్లో లెక్కలు చేసుకుంటున్నాం. వాళ్ళమ్మ రెండు ప్లేట్లలో సంగటీ, పందికూరా తెచ్చింది. "ఈరోజు మాకు ఒక్కపొద్దమ్మా" అన్నాను. అంతకు గంట ముందే బండి దగ్గర వాడూ నేనూ కోడిగుడ్డు బోండాలు తిన్నాం. డబ్బులిచ్చింది వాడే. వాడేమీ అనలేదు. ఆమె ప్లేటు వెనక్కి తీసుకెళ్ళింది, మంచినీళ్ళు ఇవ్వబోయి ఆగింది. వాడు మళ్ళీ నన్ను ఇంటికి పిలవలేదు.

తిరుమలలో ముందు వరాహస్వామిని చూసి తర్వాతే వెంకన్న దగ్గరికి వెళ్ళాలంటారు. నేనెప్పుడూ ఆ వరస తప్పలేదు. స్వామి ఎరుకలసాని వేషంలో నారాయణవనం వెళ్ళి పెళ్ళి కుదుర్చుకున్న కథ చిన్నప్పట్నించీ ఇష్టంగా విన్నాను. కానీ ఎరుకల ఇంట్లో ముద్ద తినాల్సొస్తే దేవుడి పేరే చెప్పి అబద్ధమాడాను. అదే మనిషిని, పదిహేనేళ్ళ తర్వాత ఆఫీసు క్యాంటీన్లో చైనావాడి డబ్బాలోంచి రెండోసారి అడిగి పెట్టించుకున్నాను. ఫోటో తీసి అందరికీ పంపించాను కూడా!

చైనాలో సూ డాంగ్‌పో అని పదకొండో శతాబ్దపు కవి. రాజుగారికి కోపమొచ్చి 1080లో హువాంగ్‌జో అనే ఊరికి పంపేస్తే, అక్కడ చౌకగా దొరికే పందిమాంసం మీద పద్యం రాశాడు. కొద్ది నీళ్ళు, చిన్న సెగ అని పద్ధతి కూడా చెప్పాడు. ఇప్పటికీ ఆయన పేరుతో ఒక వంటకముంది. అయితే పేదవాళ్ళకి దీన్ని వండడం తెలీదన్నాడట. అక్కడ మాత్రం ఆయనతో నేనొప్పుకోను. ఆ సాయంత్రం ప్లేటులోంచి వచ్చిన వాసన నాకింకా గుర్తుంది.

2020లో ఇంటినుంచి పని మొదలై తిరుపతి వచ్చేశాక, వాడి నెంబరు సంపాదించడానికి ఒక్కరోజు పట్టింది. ఫోన్ చెయ్యడానికి రెండేళ్ళు పట్టింది. మొన్న ఆదివారం పిలిస్తే వచ్చాడు. మిద్దెమీద ప్లేటు చేతికిస్తే, కూర వైపు చూసి, నా వైపు చూసి అడిగాడు:

"ఏమిరా, ఈరోజు ఒక్కపొద్దు లేదా నీకు?"

నవ్వుతూనే అడిగాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. "అప్పుడు అబద్ధం చెప్పినాన్రా" అన్నాను. "తెలుసులేరా. మాయమ్మకి గూడా తెలుసు" అన్నాడు. కాసేపు ఇద్దరం కొండవైపు చూస్తూ కూర్చున్నాం.

తర్వాత ఒక ముక్క నోట్లో పెట్టుకుని, "ముక్క బాగా ఉడికింది గానీ, ఇంత తీపేందిరా? కారం యాడుండాది?" అన్నాడు. వాళ్ళమ్మ ఎండుమిరపకాయలూ ధనియాలూ నూరి వేసి, కట్టెలపొయ్యి మీద మధ్యాహ్నం పెడితే సాయంత్రానికి దించేదట. ఆమె ఇప్పటికీ వండుతుంది.

"వచ్చే ఆదివారం రా. ముందు మాయమ్మకి చెప్పాల" అన్నాడు.

వెళ్తున్నాను.