చలికాలం కబుర్లు: గుమ్మడికాయ, మిరియాలు, గిన్నెడు సూపు

ధనుర్మాసం వచ్చేసింది. తిరుమలలో సుప్రభాతం బదులు తిరుప్పావై వినిపిస్తోంది. మన వీధి చివరి గుళ్లో తెల్లారకముందే దొన్నెల్లో కట్టెపొంగలి పెడుతున్నారు. ఆ వరసలో నిలబడినవాళ్లలో భక్తి కొద్దీ వచ్చినవాళ్లెందరో, నేతి వాసనకి వచ్చినవాళ్లెందరో స్వామికే తెలియాలి. టీవీ వాళ్లకి యథాప్రకారం లంబసింగి గుర్తొచ్చింది. ఏటా డిసెంబరు రాగానే మంకీ క్యాపు పెట్టుకున్న విలేకరి ఒకాయన మైకు పట్టుకుని, నోట్లోంచి పొగలు వదులుతూ ‘ఆంధ్రా కశ్మీరు’ అంటాడు. అటు ఆదిలాబాదు వాళ్లు, మా చలి సంగతేమిటని అలుగుతారు. ఈ రెండింటి మధ్యా హైదరాబాదు వాళ్లం ఫ్యాను ఒకటి మీద పెట్టుకుని, మీద రెండు దుప్పట్లు కప్పుకుని, అబ్బ ఎంత చలో అనుకుంటున్నాం.

ఈ కాలంలో రైతుబజారుకి వెళ్లడం ఓ సరదా. 1999లో ఈ బజార్లు పెట్టినప్పటినుంచీ చూస్తున్నాను, చలికాలంలో ఉన్నంత కళ మరెప్పుడూ ఉండదు. చిక్కుళ్లు, అనపకాయలు, మంచు తడి ఆరని పాలకూర, తెల్లగా గట్టిగా ఉన్న క్యాలీఫ్లవరు, ఉత్తరాదినుంచి దిగిన ఎర్ర క్యారెట్టు, తొక్క తీస్తే తియ్యగా ఉండే పచ్చి బఠాణీ. పక్కనే గుమ్మడికాయలు గుట్టలుగా పడి ఉన్నాయి. సంక్రాంతి దప్పళానికి గుమ్మడి ముక్క పడకపోతే మనవాళ్లకి పండగ చేసుకున్నట్టే ఉండదు కదా. ఇంకో నాలుగు రోజులైతే గొబ్బెమ్మల మీదికి గుమ్మడిపూలు కూడా వస్తాయి. సంచీ పట్టుకుని కాకరకాయలకని వెళ్లి, మోయలేనంత బరువుతో ఇంటికి రావడం ఈ నెలలో అందరికీ మామూలే.

ఇన్ని కూరలు ఇంట్లో పెట్టుకుని, సాయంత్రం కాగానే పిల్లలు, ‘అమ్మా, హోటలుకెళ్లి సూపు తాగుదాం’ అంటారు చూడండీ, అక్కడ వస్తుంది నాకు కోపం. కోపం సూపు మీద కాదు. వన్ బై టూ చెప్పి, ఒక సూపుని రెండు గిన్నెల్లో పంచుకుని తాగే మన మధ్యతరగతి నేర్పంటే నాకెంతో గౌరవం. ఆ గిన్నెలో ఉన్నదాని మీదే నా ఫిర్యాదు. చెంచాతో తిప్పి చూడండి. క్యాబేజీ తురుము నాలుగు పోగులు, క్యారెట్టు ముక్కలు రెండు, మిగతాదంతా మొక్కజొన్న పిండి కలిపి చిక్కబరిచిన నీళ్లు. అది చల్లారితే మీద మీగడలా ఓ పొర కడుతుంది, తాగాలనిపించదు. పొట్లాల్లో దొరికే పొడి సూపులదీ చాలావరకు అదే కథ. పొట్లం తిప్పి వెనకాల సన్న అక్షరాలు చదివితే పిండి, చక్కెర, ఉప్పు ముందు వరసలో కూర్చుంటాయి, కూరగాయలు ఎక్కడో వెనక బెంచీలో ఉంటాయి.

చిక్కదనం కోసం బయటినుంచి పిండి తెచ్చి పోయాల్సిన పనే లేదు. ఉడికించి మెత్తగా రుబ్బితే కూర తనంతట తనే చిక్కబడుతుంది. గుమ్మడిలో, క్యారెట్టులో ఉండే పీచు, పెక్టిను ఆ పని చేస్తాయి. బంగాళాదుంప అయితే దానిలోని గంజి చేస్తుంది. ఇంకాస్త చిక్కగా కావాలంటే ఉడికేటప్పుడు రెండు చెంచాల పెసరపప్పో, గుప్పెడు అన్నమో వేస్తే చాలు. గంజి తాగి పెరిగిన జాతికి ఇది ఒకరు చెప్పాలా?

నా ఓటు గుమ్మడికే. ఇక్కడ ఓ చిన్న హెచ్చరిక. వడియాలకి, గుమ్మానికి దిష్టి కట్టడానికి వాడే బూడిద గుమ్మడి కాదు. సూపుకి కావలసింది లోపల పసుపు, నారింజ రంగుల్లో ఉండే తీపి గుమ్మడి. అరకిలో ముక్క చాలు, నలుగురికి సరిపోతుంది. గింజలు తీసి పక్కన పెట్టండి, పారేయకండి. తొక్క తీయడం కాస్త కష్టం, చాకుకి లొంగదు, కత్తిపీట ఉన్నవాళ్లు అదృష్టవంతులు. లేకపోతే తొక్కతోనే ఉడికించి తర్వాత చెంచాతో గుజ్జు గీకేయొచ్చు.

కుక్కరులో చెంచాడు నెయ్యి వేడి చేసి, తరిగిన ఉల్లిపాయ ఒకటి, వెల్లుల్లి రెబ్బలు నాలుగు, అంగుళం అల్లం ముక్క వేయండి. ఇక్కడ తొందరపడొద్దు. ఉల్లిపాయ మెత్తబడి, అంచులు కొంచెం రంగు తిరిగి, వంటిల్లు దాటి హాల్లోకి వాసన వెళ్లేదాకా సన్నసెగ మీద వేగనివ్వాలి. సూపుకి రుచంతా ఆ పది నిమిషాల్లోనే పడుతుంది. పచ్చి ఉల్లిపాయని అలాగే ఉడికించి రుబ్బితే, ఎన్ని మిరియాలు చల్లినా ఆ పచ్చివాసన పోదు. తర్వాత గుమ్మడి ముక్కలు, ఒక క్యారెట్టు, కడిగిన పెసరపప్పు వేసి ఓసారి కలిపి, మూడు గ్లాసుల నీళ్లు, తగినంత ఉప్పు వేసి రెండు కూతలు రానిస్తే సరి. పసుపు వేయాలా అని అడుగుతారేమో, వద్దు. గుమ్మడికి సొంత రంగుంది.

ఇక మిక్సీ. ఈ భాగం కొంచెం శ్రద్ధగా చదవండి. కుక్కరులోంచి తీసింది తీసినట్టు పొగలు కక్కుతున్నదాన్ని జారులో నిండా పోసి మూత బిగించి మీట నొక్కితే, లోపలి ఆవిరికి పోయే దారి ఉండదు. మూత ఎగిరి గోడల మీద, మొహం మీద పడుతుంది. ముక్కల్ని జల్లెడతో వేరు చేసి, గోరువెచ్చగా అయ్యేదాకా ఆగి, జారు సగానికి మించకుండా పోసి తిప్పండి. వార్చిన నీళ్లు దాచి, తర్వాత కావలసినంత పలుచన చేసుకోవచ్చు. గిన్నెలోనే దించి తిప్పే చేతి బ్లెండరు ఉంటే ఈ గొడవలేమీ లేవు. అవి రెండూ లేనివాళ్లు పప్పుగుత్తితో మెదిపి జల్లెడలో వడకట్టినా సూపే అవుతుంది, కాస్త పలుకుగా ఉంటుంది, నాకైతే అదే ఇష్టం.

రుబ్బింది మళ్లీ పొయ్యి మీద పెట్టి ఒక్క పొంగు రానిచ్చి, అప్పుడే దంచిన మిరియాలు చల్లండి. పొడిగా డబ్బాలో ఆరునెలలు మగ్గిన మిరియాలు కావు సుమండీ, అప్పుడే దంచినవి. లంబసింగి చూడటానికి వెళ్లినవాళ్లు చింతపల్లి దారిలో కాఫీ తోటలు చూసే ఉంటారు. ఆ తోటల్లో నీడకోసం పెంచే సిల్వర్ ఓక్ చెట్లని పెనవేసుకుని పైకి పాకేవి మిరియాల తీగలే. అక్కడికెళ్లి మంచులో సెల్ఫీలు దిగి ఊరికే వచ్చేయకుండా పావుకిలో మిరియాలు తెచ్చుకున్నవాళ్లే తెలివైనవాళ్లు. చివర్లో అర చెంచా నెయ్యి కూడా వేయండి. గుమ్మడి, క్యారెట్లకి ఆ రంగునిచ్చే కెరోటిన్ కొవ్వులోనే కరుగుతుంది, కొవ్వు తోడుంటేనే ఒంటికి బాగా పడుతుంది. డైటింగు పేరుతో నెయ్యి మానేసి కళ్లకి మంచిదని క్యారెట్లు తాగేవాళ్లకి ఈ మాట ఎవరైనా చెప్పాలి. పక్కన పెట్టిన గింజలు కడిగి ఆరబెట్టి, ఉప్పు కలిపి మూకుట్లో వేయిస్తే చిటపటలాడతాయి. అవే పైన చల్లుకోండి.

మిగతా కూరలదీ ఇదే పద్ధతి, చిన్న చిన్న తేడాలున్నాయి. పాలకూరని కుక్కరులో పెట్టకండి, మూత కూడా పెట్టకండి. మరుగుతున్న నీళ్లలో రెండు నిమిషాలుంచి తీసేయాలి. ఎక్కువసేపు ఉడికితే ఆకుపచ్చ పోయి సైనికుల బట్టల రంగులోకి దిగుతుంది. టమాటా సూపులో పాలు పోయాలని ముచ్చటపడేవాళ్లు దింపాక పోయాలి, మరిగేటప్పుడు పోస్తే ఆ పులుపుకి విరిగిపోతాయి. క్యాలీఫ్లవరు రుబ్బితే వెన్నలా ఉంటుంది, దాంట్లో గుప్పెడు పచ్చి బఠాణీ బాగుంటుంది. బీట్‌రూట్ జోలికి నేను వెళ్లను. అది ఏం చేసినా మట్టివాసన వదలదని నా అభిప్రాయం, కాదనేవాళ్లు కాదనొచ్చు.

మా అత్తయ్యగారు కాదన్నది బీట్‌రూట్ గురించి కాదు, మొత్తం సూపునే. ‘పళ్లూడినవాళ్లకి చేసి పెట్టేది కదుటమ్మా ఇది’ అన్నారు గిన్నె చూసి. ‘పోపైనా పెట్టకపోతివి’ అని తనే లేచి, జీలకర్ర, ఎండుమిరపకాయ, రెండు కరివేపాకు రెబ్బలు నేతిలో చిటపటలాడించి పైన పోసుకున్నారు. రెండో గిన్నె కూడా అడిగారు. ఆ పోపు బాగుందని చెప్పక తప్పదు. మీరూ పెట్టుకోండి, ఫ్రెంచివాళ్లేమీ వచ్చి తగువాడరు.

ఫ్రెంచివాళ్లంటే గుర్తొచ్చింది. జనవరి 1న మనం కేకు కోసుకుంటుంటే, కరీబియన్ సముద్రంలోని హైతీలో ఇంటింటా గుమ్మడి సూపు తాగుతారు. ‘సూప్ జూమూ’ అంటారు దాన్ని. ఫ్రెంచి దొరల కింద బానిసలుగా ఉన్నన్నాళ్లూ వాళ్లు ఆ సూపు వండిపెట్టడమే గానీ తాగే భాగ్యం లేదు. తిరగబడి గెలిచి, 1804 జనవరి 1న స్వతంత్రులమని చాటుకున్నాక, ఏటా ఆ రోజున దాన్ని తాగడం ఆనవాయితీ అయింది. 2021లో యునెస్కో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది కూడా. వాళ్ల సూపులో మాంసం, సేమ్యా లాంటివీ పడతాయి, మనది సాత్వికం. గుమ్మడి పుట్టిల్లు అమెరికా ఖండాలే కాబట్టి ఆ మాటకొస్తే మనమే దాన్ని అరువు తెచ్చుకున్నాం. తెచ్చుకుని దప్పళంలో వేసుకుని, మన తాతల ఆస్తి అన్నట్టు గొబ్బెమ్మ మీద పువ్వు పెట్టాం.

అదే జనవరి 1న మన నాంపల్లిలో నుమాయిష్ తలుపులు తెరుచుకుంటాయి. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై, తర్వాత ఇప్పుడున్న మైదానానికి వచ్చింది. ఫిబ్రవరి 15 దాకా ఉంటుంది. కశ్మీరు శాలువాలు, లక్నో చికన్ బట్టలు చూసినంతసేపు చూసి, ఒక్కసారి వంటసామాన్ల దుకాణాల వైపు కూడా నడవండి. అక్కడ ఓ కుర్రాడు ఆపకుండా మాట్లాడుతూ క్యారెట్టుని క్షణంలో పువ్వులా కోసి చూపిస్తాడు. ఆ పరికరం ఇంటికొచ్చాక అతను కోసినట్టు కోయదు, అది అందరికీ తెలుసు, అయినా అందరం కొంటాం. తొక్క తీసే పీలరు మాత్రం కొనదగ్గ వస్తువే, గుమ్మడికి కాకపోయినా క్యారెట్టుకి పనికొస్తుంది.

అమెరికాలో ఉన్న పిల్లలు వీడియో కాల్లో ‘ఇక్కడ మన గుమ్మడికాయ ఎక్కడ దొరుకుతుంది’ అని వాపోతుంటారు. సూపర్ బజార్లో బటర్‌నట్ స్క్వాష్ అని సొరకాయలా నడుము సన్నగా ఉండేది ఒకటి దొరుకుతుంది, ఇంచుమించు అదే రుచి, పైగా కోయడం తేలిక. బయట మంచు, ఒంటరి గది, రాత్రి తొమ్మిదింటికి ఆఫీసు పని అయ్యాక అన్నం వండుకునే ఓపిక ఉండదు. అలాంటప్పుడు ఓ కుండెడు చేసి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే రెండు రోజులు గడిచిపోతాయి. చల్లబడితే మరీ చిక్కబడుతుంది, వేడి చేసేటప్పుడు కాసిని నీళ్లు కలపాలని చెప్పండి.

చివరగా టమాటా మాట. 2023 జులైలో కిలో రెండు వందలు దాటినప్పుడు వార్తలన్నీ దాని చుట్టూనే తిరిగాయి, దాన్ని బంగారంతో పోల్చి జోకులు వేసుకున్నాం. పంట ఒక్కసారిగా మార్కెట్టు మీద పడి ధర కూలినప్పుడు మాత్రం, పత్తికొండ వైపు రైతులు కోత కూలీ కూడా గిట్టుబాటు కాక రోడ్డు పక్కన పారబోసి వెళ్లిన వార్త లోపలి పేజీలో చిన్నదిగా వస్తుంది. కిలో టమాటా సూపుకి ఇట్టే ఖర్చయిపోతుంది, ఉడికించి రుబ్బి డీప్ ఫ్రిజ్‌లో పెట్టుకుంటే నెలలపాటు ఉంటుంది కూడా. ఈసారి ధర పడిపోయినప్పుడు రైతుబజారులో రెండు కిలోలు ఎక్కువే తీసుకోండి. దయచేసి బేరమాడకండి.